నా కాలు ముట్టుకోని డాక్టరు

నా కాలు ముట్టుకోకుండానే ఒక డాక్టరు గారు నా ఉద్యోగం సంగతి తేల్చేశారు. ఆ కోపం ఇంకా చల్లారలేదు, అందుకే రాస్తున్నాను.

కానిస్టేబుల్ ఫిజికల్స్ కోసం తెల్లారుజామున బీచ్ రోడ్డులో 100 మీటర్లు ప్రాక్టీస్ చేస్తున్నాను. 15 సెకన్లలో కొట్టాలి. ఫుల్ స్పీడులో ఉండగా కుడి తొడ వెనక ఎవరో రాయి విసిరినట్టయింది. అంతే, ఇక కాలు ఆనలేదు. ఫ్రెండ్స్ ఆటో ఎక్కించి దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లారు. నడుముకి ఎక్స్‌రే తీయించారు. డాక్టరు గారు ఫిల్ము వైపే చూస్తూ, "నడుము నరం నొక్కుకుంది. ఈ పోలీసు ఉద్యోగాలు నీకెందుకు బాబూ, కూర్చుని చేసే పనేదైనా చూసుకో" అన్నారు. ఎక్స్‌రేలో ఎముక కనిపిస్తుంది, చిరిగిన కండ కనిపించదు. బోర్లా పడుకోబెట్టి, మోకాలు మడవమని, మడమని చేత్తో ఆపి చూస్తే నొప్పి ఎక్కడుందో తెలిసిపోయేది. అంతపాటి ఓపిక లేకపోయింది ఆయనకి. దారిలో నాన్న ఒక్క మాటా మాట్లాడలేదు.

మావయ్య మంచి మనసుతోనే కండలు సర్దే ఒకాయన్ని తీసుకొచ్చాడు. ఆయన వేడి నూనె పోసి తొడంతా పిసికేశాడు. చిరిగిన కండని మొదటి రోజుల్లోనే అలా మర్దనా చేస్తే లోపల రక్తం ఇంకా కారుతుంది. చెప్పేవాళ్లు ఎవరూ లేరు.

ఆ రాత్రి బాత్రూమ్‌కని లేచి లైటు వేస్తే, తొడ నుంచి మోకాలి వెనక దాకా నల్లగా, ఊదాగా కమిలిపోయి ఉంది. పిక్క వాచింది. రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తుల్లోకి పోతుందేమోనని ఒళ్లంతా చెమటలు పట్టాయి. అమ్మ "ఏటయిందిరా నాయినా" అంటూ నుదుట సింహాచలం అప్పన్న స్వామి బొట్టు పెట్టి ఏడుస్తూ కూర్చుంది. తెల్లారేదాకా బతుకుతానన్న నమ్మకం నాకు లేదు.

అర్ధరాత్రి దాటాక వైజాగ్‌లోని పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి చేరాం. అంతమంది పేషెంట్ల మధ్య చిన్న వయసు డాక్టరమ్మ నా కాలు చేతుల్లోకి తీసుకుని నెమ్మదిగా నొక్కి చూశారు. "నరం కాదు తమ్ముడూ, హ్యామ్‌స్ట్రింగ్, అంటే తొడ వెనక కండ, చిరిగింది. ఆ రక్తమే కిందికి దిగింది. గడ్డ లేదని స్కాన్‌లో కూడా చూసేద్దాం" అన్నారు. గడ్డ లేదు. రెండో గ్రేడు చిరుగు, అంటే కండ పూర్తిగా తెగలేదు, ఆపరేషన్ అక్కర్లేదు. ఆవిడకి నేను రుణపడి ఉన్నాను.

తర్వాతంతా ఫిజియోథెరపీయే. అందులో ఒక ఎక్సర్‌సైజు నన్ను ఏడిపించింది. మోకాళ్ల మీద నిలబడితే చెల్లి వెనక నుంచి చీలమండలు అదిమి పట్టుకునేది, నేను నడుము వంచకుండా మెల్లగా ముందుకి వాలాలి. మొదట్లో జానెడు కూడా వాలలేక దబ్బున చేతుల మీద పడేవాణ్ణి. చెల్లి మాత్రం ఒళ్లో పుస్తకం పెట్టుకుని చదువుకుంటూనే పట్టు వదిలేది కాదు.

సెలెక్షన్లకి తయారవుతున్న తమ్ముళ్లూ, నొప్పి తగ్గింది కదా అని గ్రౌండుకి పరిగెత్తకండి. రెండు కాళ్లకీ సమానంగా బలం రావాలి. ఇది తిరగబెట్టేది ఎక్కువగా మళ్లీ పరుగు మొదలెట్టిన తొలి వారాల్లోనే.

ఆషాఢ పౌర్ణమికి అమ్మ మొక్కు ప్రకారం సింహాచలం గిరి ప్రదక్షిణ, 32 కిలోమీటర్లూ ఇద్దరం నడిచాం. అంతా అప్పన్న దయ అంటుంది అమ్మ, నేనూ కాదనను. ఆ మొదటి డాక్టరు గారి మీద కోపం కూడా అక్కడే వదిలేయమంది. అది మాత్రం నా వల్ల కాలేదు.