షార్జా సనయ్యాలో మిస్సింగ్ కొట్టే పాత బండ్లు

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాను ఇక్కడ పనిచేసే మనవాళ్లు సనయ్యా అనే అంటారు. అజ్మాన్‌లోనో షార్జాలోనో గది తీసుకుని దుబాయ్‌లో పని చేసుకునే వాళ్లకు కారు షోకు కాదు, కొలువులో భాగం. ఏసీ టెక్నీషియన్లు, ప్లంబర్లు, సేల్స్‌లో తిరిగేవాళ్లు మూడు నాలుగు చేతులు మారిన కొరొల్లానో, సన్నీనో, క్యామ్రీనో కొనుక్కుంటారు. మీటరు మూడు లక్షల కిలోమీటర్లు దాటి ఉంటుంది, కొన్నింట్లో నాలుగు కూడా. సరిగ్గా చూసుకుంటే ఇవి ఇంకా చాలా ఏళ్లు నడిచే బండ్లే. కానీ డ్యాష్‌బోర్డు మీద చెక్ ఇంజిన్ లైటు వెలిగిందంటే ఆ మనిషికి నిద్ర పట్టదు. ముల్కియా, అంటే బండి రిజిస్ట్రేషన్ కార్డు, గడువు దగ్గర పడి, పాసింగ్ అనే తనిఖీకి తీసుకెళ్లాల్సిన నెల అయితే మరీ టెన్షన్.

నేను మెకానిక్‌గా పనిచేసే గ్యారేజీకి వచ్చి "అన్నా, ఈ లైటు ఒక్కటి బంద్ చెయ్యి, చాలు" అని అడిగేవాళ్లే ఎక్కువ. స్కానర్ పెట్టి, ఇంజిన్ కంప్యూటర్ రాసుకున్న తప్పు నంబరును, అంటే కోడ్‌ను, తీసేయడం నిమిషం పని. అంతమాత్రం చేసి పంపడానికి నాకు మనసొప్పదు. కోడ్‌తో పాటు, లైటు వెలిగిన క్షణంలో ఇంజిన్ ఎంత వేడి మీద ఉంది, ఎంత స్పీడులో ఉంది, ఎంత లోడు మీద ఉంది అన్న లెక్క కూడా కంప్యూటర్ దాచిపెడుతుంది. కోడ్ తుడిచేస్తే అదీ పోతుంది. రోగం అలాగే ఉంటుంది, దాని ఆనవాళ్లు మాత్రం మాయమవుతాయి. అందుకే స్టీరింగ్ కింద ఉన్న పదహారు పిన్నుల సాకెట్‌కు స్కానర్ తగిలించగానే ముందు అన్నీ ఫోన్‌లో ఫోటో తీసుకుంటాను. ఆ తర్వాతే దేని జోలికైనా వెళ్తాను.

లైటు నిలకడగా వెలగడం వేరు, టపటపా కొట్టుకోవడం వేరు. ఈ తేడా బండి నడిపే ప్రతి మనిషికీ తెలిసి ఉండాలి. నిలకడగా ఉంటే, బండి మామూలుగా నడుస్తున్నంత వరకు మెల్లగా గ్యారేజీ దాకా రావచ్చు. కొట్టుకుంటోందంటే మాత్రం ఏదో ఒక సిలిండర్‌లో పెట్రోలు కాలకుండానే బయటికి పోతోందని అర్థం. దీన్నే మిస్సింగ్ అంటాం. ఆ పెట్రోలు సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండుతుంది. లోపలి జల్లెడ కరిగి మూసుకుపోతుంది. అందులో ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత ఉంటుంది కాబట్టి కొత్తది కొనాలంటే పాత బండి ధరలో పెద్ద వాటానే పెట్టాలి. యాక్సిలరేటర్ మీద కాలు తీసి, వీలైనంత త్వరగా పక్కకు ఆపాలి. షార్జా నుంచి దుబాయ్ వెళ్లే ఇత్తిహాద్ రోడ్డు మీద సాయంత్రం ట్రాఫిక్‌లో ఆపడం కష్టమేనని నాకూ తెలుసు. అయినా అదే చెబుతాను.

కొందరు కన్వర్టర్ కోసేసి ఖాళీ పైపు వెల్డింగ్ చేసుకుంటారు. అది తప్పు పని. పక్క బండిలో కిటికీ దించి కూర్చున్న మనిషి పీల్చేది ఆ పొగే.

ఇక కోడ్ సంగతి. పీ0301 అంటే ఒకటో సిలిండర్, పీ0303 అంటే మూడో సిలిండర్, పీ0300 అంటే ఫలానా అని తేలకుండా అక్కడక్కడా మిస్సింగ్. కంప్యూటర్ దీన్ని నిప్పు రవ్వ ఇచ్చే ప్లగ్గును చూసి చెప్పదు. పిస్టన్లు తిప్పే ఇరుసు, అంటే క్రాంక్ షాఫ్ట్, తిరిగే వేగాన్ని కొలుస్తుంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్ 800 ఆర్‌పీఎంలో (నిమిషానికి 800 చుట్లు) ఐడిల్ మీద, అంటే బండి కదలకుండా ఊరికే తిరుగుతూ ఉంటే సెకనుకు దాదాపు 27 సార్లు మంట అంటుకోవాలి. ఒక్కసారి అంటుకోకపోయినా షాఫ్ట్ ఆ క్షణంలో కాస్త నెమ్మదిస్తుంది. ఎవరి వంతులో నెమ్మదించిందో చూసి ఆ సిలిండర్ నంబరు రాసుకుంటుంది. అంటే కోడ్ చోటు చెబుతుంది, కారణం చెప్పదు. నిప్పు రాకపోయి ఉండవచ్చు, పెట్రోలు అందకపోయి ఉండవచ్చు, గాలి ఎక్కువై ఉండవచ్చు, సిలిండర్ లోపలి గాలి నొక్కుడు, అంటే కంప్రెషన్, పోయి ఉండవచ్చు. నంబరు చూసి నేరుగా, ప్లగ్గుకు కరెంటు ఇచ్చే కాయిల్ మార్చేసేవాళ్లు ఈ నాలుగింటిలో ఒకదాని మీదే పందెం కాస్తున్నారు. పోయేది కస్టమర్ డబ్బు.

మొన్న చలికాలంలో వచ్చిన ఒక బండి గురించి చెప్పాలి. 2008 మోడల్, 2.4 లీటర్ల ఇంజిన్, నాలుగు లక్షలు దాటిన మీటరు. మనిషిది జగిత్యాల వైపు, ఏసీల పని. డిక్కీ నిండా రాగి పైపులు, గ్యాస్ సిలిండర్లు. పొద్దున్నే స్టార్ట్ చేస్తే బండంతా వణుకుతోంది, కాసేపటికి సర్దుకుంటోంది, హైవే మీద ఏ ఇబ్బందీ లేదు. అప్పటికే ఇంకోచోట నాలుగు కాయిళ్లు, నాలుగు ప్లగ్గులు మార్పించుకున్నాడు. ఆ నెల ఇంటికి పంపాల్సిన డబ్బులో సగం అందులోనే పోయిందట. రెండు రోజులకు మళ్లీ అదే లైటు, అదే పీ0303.

కొత్తవి వేశారు కదా అని కాయిళ్లను నేను నమ్మలేదు. ఇక్కడి మార్కెట్లో నకిలీ ప్లగ్గులు, నకిలీ కాయిళ్లు అసలు డబ్బాలను పోలిన డబ్బాల్లోనే వస్తాయి. మూడో సిలిండర్ కాయిల్ తీసి ఒకటో దాంట్లో పెట్టాను, ఒకటోది మూడోదాంట్లో. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది. రోగం కాయిల్‌లో ఉంటే కోడ్ దాంతో పాటే ఒకటో నంబరుకు నడిచి వెళ్తుంది. వెళ్లలేదు, మూడులోనే ఉంది. ప్లగ్గులూ అలాగే మార్చి చూశాను, మార్పు లేదు.

ప్లగ్గు తీసినప్పుడు వెలుతురులో పెట్టి చూడటం నా అలవాటు. కొస లేత గోధుమ రంగులో ఉంటే సిలిండర్ ఆరోగ్యంగా ఉన్నట్టు. పొడి మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ, జిడ్డుగా తడిగా ఉంటే ఆయిల్ దిగుతోంది. మిగతా మూడూ మామూలుగా ఉండి ఒక్కటి మాత్రం కడిగినట్టు తెల్లగా మెరుస్తుంటే రేడియేటర్ నీళ్లు లోపలికి వస్తున్నాయేమోనని భయపడాలి. తెల్ల పింగాణీ మీద వెంట్రుక మందాన నల్ల గీత కనబడితే నిప్పు కొస దాకా వెళ్లకుండా మధ్యలోనే పక్కకు దూకుతోందన్నమాట. ఈ బండిలో అవేవీ లేవు. ఇంజిన్ పై మూత, అంటే ట్యాపెట్ కవర్, రబ్బరు ముదిరి రెండో ప్లగ్గు గుంటలోకి కొద్దిగా ఆయిల్ ఊరుతోంది. అది రాసిపెట్టుకున్నాను, కానీ మన గొడవ మూడోదానితో.

తర్వాత కంప్రెషన్ గేజ్ పెట్టాను. నాలుగూ 11, 12 బార్ మధ్య వచ్చాయి. సిలిండర్‌కూ సిలిండర్‌కూ ఒక బార్ కంటే ఎక్కువ తేడా లేకపోతే పాత ఇంజిన్‌కు అది మంచి కబురే. ఆ మాట చెప్పగానే ఆ తమ్ముడి ముఖం తేటపడింది. ఇంజిన్ పోయిందని, అమ్మేసుకోమని ఎవరో భయపెట్టి పంపారు.

అసలు దారి చూపింది ఫ్యూయల్ ట్రిమ్. సైలెన్సర్ పైపులోని ఆక్సిజన్ సెన్సర్ చెప్పినదాన్ని బట్టి కంప్యూటర్ పెట్రోలును ఎంత శాతం పెంచుతోందో, ఎంత తగ్గిస్తోందో ఆ అంకె చెబుతుంది. సున్నాకు అటూ ఇటూ పది లోపు ఉంటే చింత లేదు. ఇందులో ఐడిల్‌లో 24 శాతం పెంచుతోంది, 2500 ఆర్‌పీఎంకు తెస్తే 6కు దిగింది. ఎక్కడో కంప్యూటర్ కొలతకు అందని దొంగ గాలి దూరుతోంది. ఐడిల్‌లో ఇంజిన్ పీల్చేదే తక్కువ గనుక ఆ దొంగ గాలి వాటా పెద్దది. వేగం పెరిగితే అసలు గాలి ఎక్కువై దాని వాటా తగ్గిపోతుంది. పెట్రోలు పంపు నీరసించినా, గాలిని కొలిచే సెన్సర్‌కు దుమ్ము పట్టినా మామూలుగా లెక్క తిరగబడుతుంది. లోడు పెరిగేకొద్దీ అంకె పెరుగుతుంది. ఇసుక గాలులు వీచే ఈ ఊళ్లో ఆ సెన్సర్ కేసులూ తక్కువేం కాదు.

గాలి దూరే చోటు కోసం మధ్యాహ్నమంతా వెతికినా దొరకలేదు. ఇంజిన్ వేడెక్కాక ట్రిమ్ కూడా దిగిపోయింది. వేడికి రబ్బరు ఉబ్బి సందు మూసుకుంటోందని అనుమానం వచ్చింది. బండిని రాత్రికి ఇక్కడే వదిలి వెళ్లమన్నాను. ఏసీల పని చేసే మనిషికి బండి వదలడం అంటే మరుసటి రోజు ఆర్డర్లు వదులుకోవడమే. అయినా నమ్మి, చేతిలో పట్టినన్ని పనిముట్లు తీసుకుని బస్సెక్కాడు. ఆ నమ్మకం నిలబెట్టాలని నాకు గట్టిగా అనిపించింది.

జనవరి పొద్దున, పదిహేను డిగ్రీల చలి. గ్యారేజీ ఓనర్ రాకముందే బానెట్ తెరిచి స్టార్ట్ చేశాను. ఇంజిన్ దడదడలాడింది. స్కానర్‌లో మూడో సిలిండర్ మిస్సింగ్ లెక్క చకచకా పెరుగుతోంది. సైలెన్సర్ పైపు వేడెక్కకముందే, చేతికి మంటలార్పే సిలిండర్ అందేలా పెట్టుకుని, సిలిండర్లకు గాలి పంచే ఇన్‌టేక్ మానిఫోల్డ్ ఇంజిన్ హెడ్‌కు కలిసే అతుకు వెంట, మండే గుణమున్న కార్బ్ క్లీనర్ కొద్దికొద్దిగా కొట్టుకుంటూ వెళ్లాను. మొదటి పాయ దగ్గర ఏమీ లేదు, రెండో దగ్గరా లేదు. మూడో పాయ అడుగున తగలగానే అది సందులోంచి లోపలికి పోయి మండి, వణుకు ఆగి ఇంజిన్ నున్నగా తిరిగింది. క్లీనర్ ఆరిపోగానే మళ్లీ వణుకు. మళ్లీ కొట్టాను, మళ్లీ ఆగింది. ఆ శబ్దం మారడం వినడానికే నేను ఈ పనిలో ఉన్నానేమో అనిపిస్తుంది.

మానిఫోల్డ్ విప్పితే అతుకులో ఉండే రబ్బరు సీలు, అంటే గ్యాస్కెట్, ఎండిన వడియంలా పెళుసెక్కి ఉంది. గోరుతో నొక్కితే దిగదు. మూడో రంధ్రం దగ్గర అంచు చిట్లిపోయింది. ఇక్కడి ఎండలకు, బానెట్ కింది వేడికి రబ్బరుకు ఆ గతే పడుతుంది. పైగా వేసవిలో ఏసీ కోసం ఇంజిన్ ఆపకుండా గంటలకొద్దీ కూర్చుంటారు. ఆ గంటలు కిలోమీటర్లలో కనబడవు. నాలుగు లక్షలు తిరిగిన బండి ఇంజిన్ నిజానికి దానికంటే పెద్ద వయసుదే. కొత్త గ్యాస్కెట్ ధర అతను మార్పించుకున్న నాలుగు కాయిళ్లలో ఒక్కదాని ధర కూడా కాదు. మానిఫోల్డ్ బోల్టులు బిగింపును కొలిచే టార్క్ రెంచితో, మధ్యలోంచి చివరలకు బిగించాను. ఐడిల్ ట్రిమ్ 3కు వచ్చింది.

బిల్లు దగ్గర ఓనర్‌తో చిన్న వాదన జరిగింది. సామాను ఖరీదు ఇంత తక్కువైతే గ్యారేజీకి మిగిలేదేమిటని ఆయన ప్రశ్న. వెతికిన గంటలకు కూలీ రాయమన్నాను. కనిపెట్టడమూ పనే, దానికీ డబ్బు అడగాలి, ఇవ్వాలి. అది లేకపోవడం వల్లే మెకానిక్కులు సామాన్లు మార్చి సంపాదించుకోవడానికి అలవాటు పడ్డారు. ఆ తమ్ముడు ఒక్క మాట కూడా అనకుండా ఆ కూలీ కట్టాడు.

చెక్ ఇంజిన్ ఒక్కటే కాదు, ఎర్ర లైట్ల గురించి కూడా వచ్చినవాళ్లందరికీ చెప్పి పంపుతాను. ఎర్రటి ఆయిల్ లైటు ఆయిల్ మట్టం గురించి కాదు, ప్రెషర్ గురించి. అది వెలిగాక గ్యారేజీ రెండు కిలోమీటర్లే కదా అని నడిపితే బేరింగులు పోతాయి. అక్కడే ఇంజిన్ ఆపి రికవరీ వ్యాన్ పిలవాలి. టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత తాకినా అంతే, పైగా వేడి మీద రేడియేటర్ మూత ముట్టుకోకూడదు. అమెరికా నుంచి వచ్చిన బండ్లలో పెట్రోల్ ట్యాంకు మూత సరిగ్గా బిగించకపోయినా చెక్ ఇంజిన్ వెలగవచ్చు. అలాంటప్పుడు కంగారు పడకుండా ముందు మూత చూసుకోవాలి. ఏ గ్యారేజీకి వెళ్లినా, ఏదైనా మార్చే ముందు కోడ్ నంబరు, ఏ పరీక్ష చేసి ఆ సామాను పోయిందని తేల్చారో అడగాలి. తీసిన పాత సామాను డిక్కీలో వేయించుకోవాలి.

ఆ బండికి ట్యాపెట్ కవర్ గ్యాస్కెట్, ప్లగ్గు గుంటల సీళ్లు ఇంకా మార్చాలి. ఆయిల్ ఊరడం మెల్లగానే ఉంది, తొందర లేదని చెప్పాను. జూన్‌లో నెల సెలవు మీద ఊరికి వెళ్తున్నాడు, అప్పుడు బండి నా దగ్గరే వదులుతాడు. అప్పటిదాకా వారానికోసారి పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు డిప్‌స్టిక్ తీసి ఆయిల్ చూసి, నాకు ఫోటో పంపమన్నాను. పంపుతున్నాడు.