గాలం పుస్తకాల్లో తెగిపోయిన చేపలు

మంచినీటి గాలం వేట మీద పుస్తకాలు రెండు రకాలు. ఎలా పట్టాలో చెప్పేవి కొన్ని, పట్టినవాళ్లు తమ బతుకు కథగా రాసుకున్నవి కొన్ని. వేట మీద మనసున్నవాళ్లకి నేను చదవమనేది రెండో రకమే. మొదటి రకంలో చేప ఎప్పుడూ పడుతుంది. రెండోదాంట్లో దారం తెగుతుంది, ఎందుకు తెగిందో రాత్రంతా బుర్ర బద్దలుకొట్టుకున్న మనిషే మనకు చెబుతాడు.

ఇంగ్లండులోని హియర్‌ఫర్డ్‌షైర్‌లో రెడ్‌మైర్ అని మూడెకరాల చిన్న చెరువుంది. అక్కడ 1952 సెప్టెంబరు 13న రిచర్డ్ వాకర్ 44 పౌండ్ల కార్ప్‌ని పట్టాడు, అంటే దాదాపు 20 కిలోలు. మన చెరువుల్లో బంగారుతీగ అంటామే, ఆ జాతే. లండన్ జూ అక్వేరియంలో అది 1971 దాకా బతికింది.

బరువు సంగతి అటుంచి ఎర చూడండి. అడుగంతా నాచున్న నీళ్లలో బ్రెడ్ ముద్ద ఒక్కటే గుచ్చితే నాచులోకి దిగిపోయి చేపకి కనపడదు. బ్రెడ్ పైపెచ్చు ఒక్కటే గుచ్చితే పైకి తేలిపోతుంది. అందుకని గాలపు ముల్లుకి రెండూ కలిపి పెట్టేవాడు వాకర్. ఈ పని చేసేటప్పుడు ముందు ఒడ్డు పక్క నీళ్లలో వదిలి చూడాలి. గబుక్కున మునిగితే ముద్ద కాస్త గిల్లెయ్యాలి, మునగకపోతే ఇంకాస్త అద్దాలి. నెమ్మదిగా దిగి నాచు మీద వాలిందా, అదీ లెక్క. పెచ్చు నానితే విసురుకే ఊడిపోతుంది కాబట్టి ప్రతిసారీ కొత్తది గుచ్చుకోవాలి. ఇలాంటి వివరం దగ్గర నాకు పేజీ తిప్పబుద్ధి కాదు.

అదే చెరువులో 1980 జూన్ 16న క్రిస్ యేట్స్ 51 పౌండ్ల 8 ఔన్సుల చేపని పట్టాడు. ఎర స్వీట్‌కార్న్ గింజలు, గాలం కర్ర వెదురుది. వెదురంటే మనం కొట్టుకొచ్చే బొంగు కాదు. బద్దల్ని ముక్కోణంగా చిత్రికపట్టి, ఆరింటిని జిగురుతో అతికితే వచ్చే ఆరు పలకల కర్ర. తడి కర్రని అలాగే గోడకి చేరేసి వదిలేస్తే వంకర తిరిగి మళ్లీ సాపు కాదు. వార్నిష్ లేచిన చోట నీరు చేరితే అతుకు విడిపోతుంది.

ఆ జూన్ 16 తేదీ వెనకా ఒక కారణముంది. ఆ రోజుల్లో అక్కడ మార్చి 15 నుంచి జూన్ 15 వరకు, గుడ్లు పెట్టే కాలమని, చెరువుల్లోనూ నదుల్లోనూ ఈ రకం చేపల వేట బంద్. మూడు నెలలు కర్రకి వార్నిష్ వేసుకుంటూ, చెరువు చుట్టూ ఊరికే తిరుగుతూ గడపాలి. ఈ పుస్తకాల్లో ఎదురుచూపులకి అన్ని పేజీలు పోవడం అందుకే, వాటికి ఆ కమ్మదనం రావడమూ అందుకే.

నైలాన్ రాకముందు పుస్తకాలైతే మరీ ఓపిగ్గా చదవాలి. అప్పట్లో ముల్లు దగ్గర కట్టేది పట్టుపురుగు గ్రంథుల నుంచి సాగదీసిన పోగు. ఎండితే పెళుసు, నానబెట్టకుండా ముడేస్తే పుటుక్కుమంటుంది. నైలాన్‌కీ వేరే తంటా ఉంది. పొడిగా ముడి బిగిస్తే రాపిడి వేడికి దారం బలహీనపడుతుంది, అందుకే ముడిని ఉమ్మితో తడిపి నిదానంగా లాగుతారు.

మన దేశపు నీళ్లు కావాలంటే జిమ్ కార్బెట్ ఉన్నాడు. 1944లో వచ్చిన ఆయన కుమావూన్ పులుల పుస్తకంలో మహసీర్ అనే చేప వేట మీద ఒక అధ్యాయముంది.

ఈ రకం పుస్తకం కొనేముందు చేప తప్పించుకున్న పేజీ వెతికి చదవండి. ‘అదృష్టం బాగోలేదు’ అని ఒక్క ముక్కతో దాటేస్తే ఆ పుస్తకాన్ని అక్కడే పెట్టేయండి. మంచి రచయిత తెగిన కొసని చేతిలోకి తీసుకుని చూస్తాడు. కొస సుడి తిరిగి ఉంటే ముడి జారింది. గరుగ్గా ఉంటే రాయికో, నీళ్లలో మునిగిన మోడుకో ఒరుసుకుంది. దారం బాగానే ఉండి ముల్లు సాగిపోయి ఉంటే, ఆ చేపకి ఆ ముల్లు చాల్లేదు.