ఊరిని చేత పట్టుకున్న రాతి స్వామి

క్రొయేషియాలోని డుబ్రోవ్నిక్ చూసివచ్చిన వారందరూ అక్కడి సముద్రం గురించీ, కోటగోడ గురించీ విరివిగా రాశారు కాబట్టి నేను వాటిని మళ్ళీ వర్ణించబోవడం లేదు. 2023 సెప్టెంబరులో మేము గడిపిన మూడు రోజుల్లో నా మనసులో నిలిచిపోయింది, కోటలోకి వెళ్ళే పిలె ద్వారం నెత్తిన ఉన్న ఒక రాతి విగ్రహం.

గ్రూజ్ రేవు వైపు నుంచి సిటీ బస్సులో నిలబడే వచ్చి పిలె దగ్గర దిగేసరికి, పెద్ద ఓడల్లో వచ్చిన జనం కందకం మీది వంతెనను నింపేసి ఉన్నారు. అడుగు ముందుకు పడక ఆగిపోయినప్పుడు తల పైకెత్తి చూశాను. 1537లో కట్టిన బయటి ద్వారం కమాను పైన, రాతి గూట్లో, గడ్డం పెంచుకున్న ఒక బిషప్ నిలబడి ఉన్నాడు. ఆయన చేతిలో ఊరు ఉంది. పసిబిడ్డను ఎత్తుకున్నంత జాగ్రత్తగా ఆయన ఆ ఊరిని పట్టుకున్నాడు. ఒక టీవీ సీరియల్ తీసిన మెట్లు ఎక్కడున్నాయో వెతుక్కుంటూ మా పక్కనుంచి వందలమంది లోపలికి వెళ్ళిపోయారు గాని, ఆ గూటి వైపు చూసినవారు నాకు కనబడలేదు. ఊరిని కాచే దేవుణ్ణి పలకరించకుండా గడప దాటడం నాకు కష్టంగా తోచింది.

ఆయన పేరు సెయింట్ బ్లేజ్. ఊరివాళ్ళు స్వేతి వ్లాహో అంటారు. ఆయన ఆ ఊళ్ళో పుట్టలేదు, ఆ ఊరు చూడనూ లేదు. నేటి టర్కీలో ఉన్న సెబాస్తె అనే పట్టణానికి బిషప్‌గా ఉండి, నాలుగో శతాబ్ది ఆరంభంలో మతం కోసం ప్రాణమిచ్చాడు. 972లో వెనిస్ నౌకలు స్నేహం నటిస్తూ ఊరి దగ్గర లంగరు వేసినప్పుడు, ఈయన స్తోయ్‌కో అనే పూజారికి కనిపించి, వాళ్ళు కోట బలాబలాలు కనిపెట్టడానికి వచ్చారని హెచ్చరించాడని కథ. నాటి నుంచి ఆయనే ఊరికి రక్షకుడు. మా గోదావరి పల్లెల్లో బొడ్డురాయిని ఊరి నడుమ భూమిలో పాతుతారు, ఊరు దాని చుట్టూ నిలబడుతుంది. ఇక్కడ రాయే ద్వారం పైన నిలబడి ఊరినే చేతుల్లోకి తీసుకుంది.

లోపలి ద్వారం మీద ఆధునిక శిల్పి ఇవాన్ మెష్ట్రోవిచ్ చెక్కిన మరో వ్లాహో ఉన్నాడు. అది దాటాక, ఒనోఫ్రియో నీటి తొట్టి దగ్గర లావెండర్ సంచులు అమ్ముతున్న ఒక ముసలావిడ, నేను వెనుదిరిగి ఆ విగ్రహాన్నే చూస్తుండడం గమనించి పిలిచింది. వచ్చీరాని ఇంగ్లీషులో ఏదో చెబుతూ, రెండు చూపుడువేళ్ళను అడ్డంగా పెట్టి తన గొంతు కింద ఆనించుకుంది. ఫిబ్రవరి 3న ఆయన పండుగనాడు, కట్టిన రెండు కొవ్వొత్తులను అలాగే గొంతుకు ఆనించి దీవిస్తారట. చేపముల్లు గొంతులో దిగి ప్రాణం మీదికి వచ్చిన ఒక పిల్లవాణ్ణి ఆయన బతికించాడట.

"ఏమంటోందిరా ఆవిడ?" అని మా అమ్మ అడిగింది. చెప్పాను. అమ్మ ముఖం విప్పారింది. పులస ముల్లు గొంతులో గుచ్చుకున్నప్పుడు మా అమ్మమ్మ నమలకుండా మింగమని పెట్టే గట్టి అన్నం ముద్దను అమ్మ చేతి సైగలతో చూపిస్తే, ఆవిడ వెంటనే రొట్టె ముక్కను మింగినట్టు అభినయించింది. ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని చాలాసేపు వదలలేదు. ఆ పావుగంట తప్ప ఆ రోజు మిగతాదంతా నాకు సరిగా గుర్తులేదు.

మర్నాడు గోడ ఎక్కాం. మనిషికి 35 యూరోలు, అంటే 3 వేల రూపాయలు దాటిన టికెట్టు, నలుగురికీ కలిపి కొనేటప్పుడు ప్రాణం ఉసూరుమంది. అయినా పైనుంచి చూస్తే కొన్ని కప్పుల పెంకులు నిగనిగలాడుతూ, కొన్ని వెలిసిపోయి కనబడ్డాయి. కొత్తవి చాలావరకు 1991–92 ముట్టడిలో ఫిరంగి గుండ్లు పడిన తరువాత నేయించినవి. అంతకు ముందు, 1667 ఏప్రిల్ 6న వచ్చిన భూకంపంలో ఈ ఊరు దాదాపుగా నేలమట్టమైంది. వ్లాహో గుడిలో ఉన్న బంగారు పూత వెండి విగ్రహం చేతిలోని ఊరు ఆ భూకంపానికి ముందటిదే. 1706లో పాత గుడి కాలిపోయినా ఆ విగ్రహానికి ఏమీ కాలేదట. కింద ఊరు కూలి మళ్ళీ లేచినా, ఆయన మాత్రం పాత ఊరిని వదలలేదన్న ఆలోచన నన్ను గోడ దిగేదాకా వెంటాడింది.

చివరి సాయంత్రం బస్సు కోసం పిలె దగ్గర నిలబడ్డాం. అమ్మ వెనక్కి తిరిగి, ద్వారం మీద చీకటి పడుతున్న గూటికి రెండు చేతులూ జోడించింది.

"ఇన్నేళ్ళుగా మోస్తున్నాడు, చెయ్యి లాగదూ పాపం!" అంది.