బ్రౌజర్‌లో డ్రాగన్ డాకింగ్: నా అనుభవం

స్పేస్‌ఎక్స్ 2020లో అందరికీ ఉచితంగా పెట్టిన సిమ్యులేటర్ ఇది. ఆ సంస్థ వ్యోమనౌక డ్రాగన్‌ను మన చేత్తోనే నడిపి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి తగిలించాలి, దీన్నే డాకింగ్ అంటారు. అసలు కేంద్రంలో హార్మనీ అనే మాడ్యూల్ (కేంద్రంలోని ఒక భాగం) ముందు వైపు ఈ పని చేసేది ఐడీఏ-2 అనే అడాప్టర్, 2016 ఆగస్టులో బిగించారు. ఆటలో షరతు ఒకటే: తెర మధ్యలోని ఆకుపచ్చ అంకెలన్నీ 0.2 లోపు ఉండాలి.

ఆకుపచ్చ అంకె ఎంత తేడా ఉందో చెబుతుంది. నీలం అంకె ఆ తేడా ఎంత వేగంగా మారుతోందో చెబుతుంది. నా కన్ను ఎక్కువగా నీలం మీదే. ఎందుకంటే ఇక్కడ బ్రేకు లేదు. ఒకసారి నొక్కితే ఆ కదలిక సాగుతూనే ఉంటుంది, ఆపాలంటే ఎదురు దిశలో అన్నిసార్లూ నొక్కాలి. కాబట్టి ఎడమకు మూడు నొక్కులంటే మూడూ లెక్కపెట్టుకుంటాను.

మొదట రోల్ (పక్కకు దొర్లడం), తర్వాత పిచ్ (ముక్కు పైకి-కిందకి వంగడం), యా (ముక్కు ఎడమ-కుడికి తిరగడం). వీటిని సున్నాకు తెచ్చేదాకా ముందుకు కదలను. థ్రస్టర్లు, అంటే నౌకను కదిపే చిన్న ఇంజన్లు, తోసేది నౌక ముక్కు చూసే దిశను బట్టి. ముక్కు వంకరగా ఉంటే ముందుకని నొక్కింది కాస్తా పక్కకు జారుస్తుంది. ఆ తర్వాతే ఎడమ-కుడి, పైకి-కిందకి.

ఇక దూరం. మొదట్లో సుమారు 200 మీటర్లు ఉంటుంది. సెకనుకు 0.2 మీటర్లతోనే పోతే 1000 సెకన్లు, అంటే దాదాపు 17 నిమిషాలు. అంత ఓపిక నాకు లేదు. దూరంలో వేగంగానే వస్తాను, 20 మీటర్ల దగ్గర తగ్గించడం మొదలుపెట్టి చివరి 5 మీటర్లకు 0.1కి దించుతాను. బటన్లకు పెద్ద నొక్కు, చిన్న నొక్కు అని రెండు అమరికలు ఉంటాయి, అప్పటికి చిన్న నొక్కు మీదికి మార్చి ఉండాలి. పెద్ద నొక్కు మీదే ఉండిపోతే ఒక్క తాకిడికే వరస చెడిపోతుంది.

నిజంగా జరిగేది దీనికి వేరు. 2020 మే 31న డ్రాగన్‌లో వెళ్లిన నాసా వ్యోమగామి డగ్ హర్లీ కేంద్రానికి సుమారు 220 మీటర్ల దూరంలో నౌకను చేత్తో నడిపి చూశారు, కానీ డాకింగ్‌ను నౌకే సొంతంగా పూర్తిచేసింది. తగిలాక 12 కొక్కేలు బిగిసి, గాలి లీకు పరీక్ష అయ్యాకే తలుపు తీస్తారు. సిమ్యులేటర్‌లో అవేవీ ఉండవు.

చివరి రెండు మీటర్లలో ఏ అంకె అయినా 0.2 దాటితే అక్కడే సరిదిద్దబోవద్దు. వెనక్కి 10 మీటర్లు వచ్చి, అన్నీ కుదుర్చుకుని మళ్లీ వెళ్లండి.