క్లార్క్‌ను ఎందుకు తీసుకోలేదని కోప్పడ్డ నేనే సెలెక్షన్‌కి కూర్చున్నాను: నా అనుభవం

2024 జూన్‌లో ఆ వార్త వచ్చిన పూట మా పాప కంచం ముందు నుంచి లేచి వెళ్లిపోయింది. పారిస్ ఒలింపిక్స్‌కి వెళ్లే అమెరికా మహిళల బాస్కెట్‌బాల్ టీమ్‌లో కెయిట్లిన్ క్లార్క్ పేరు లేదు. మేముండేది ఇండియానాపోలిస్ పక్కన కార్మెల్‌లో. క్లార్క్ ఆడేది మహిళల ప్రొఫెషనల్ లీగ్ డబ్ల్యూఎన్‌బీఏలో మా ఊరి జట్టు ఇండియానా ఫీవర్‌కి. పాప గదిలో ఆమె 22 నంబర్ జెర్సీ గోడకి వేలాడుతూ ఉంటుంది. ఆ రాత్రి నాకూ అన్నం సయించలేదు.

కాలేజీలో 3,951 పాయింట్లు చేసిన అమ్మాయి! మగవాళ్లను కలుపుకున్నా ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ ఆటల సంస్థ) మొదటి డివిజన్‌లో అన్ని పాయింట్లు చేసినవాళ్లు లేరు. కొత్తగా వచ్చిందంటారా? డయానా టరాసి 2004లో, కాండేస్ పార్కర్ 2008లో, బ్రియానా స్టీవర్ట్ 2016లో, ముగ్గురూ ప్రొఫెషనల్‌గా అడుగుపెట్టిన ఏడాదే ఒలింపిక్స్ ఆడారు. ఇదంతా మా ఆయనకి చెప్పాను, తెనాలిలో ఉన్న మా అన్నయ్యకి ఫోన్ చేసి మరీ చెప్పాను. నేనూ తెనాలిలో స్కూల్లో ఉండగా మట్టి కోర్టు మీద ఆడినదాన్నే. జిల్లా సెలెక్షన్స్‌లో నా పేరు రాలేదు. ఎందుకు రాలేదో ఎవరూ చెప్పలేదు. ఆ బాధ పోలేదు కాబట్టే, క్లార్క్ విషయం సొంత ఇంటి విషయంలా అనిపించింది.

సెప్టెంబర్‌లో పాప ఆడే అమ్మాయిల టీమ్ కోచ్ ఫోన్ చేశాడు. పన్నెండేళ్ల లోపు టీమ్‌కి సెలెక్షన్స్, నువ్వు ఆడినదానివి కదా, మాతో కూర్చుంటావా అన్నాడు. మా పాప అప్పటికే వయసు దాటి పై టీమ్‌కి వెళ్లిపోయింది కాబట్టి సరేనన్నాను.

వచ్చింది 17 మంది, తీసుకునేది 10 మందిని. రెండు సాయంత్రాలు. ఒక్కో పిల్ల వీపుకి నంబర్ రాసిన కాగితం పిన్నుతో గుచ్చారు. కోచ్, ఇంకో పేరెంట్, నేను, మాకు ముగ్గురికీ తలొక షీటు: డ్రిబ్లింగ్, పాస్, డిఫెన్స్, షాట్, నలుగురితో కలిసి ఆడటం. ఐదు గడులు, ఒక్కో దానికి ఐదు మార్కులు. మొదటి సాయంత్రమే చేతికి చెమట పట్టి పెన్సిల్ జారింది. పిల్లలు బాల్ వేసిన ప్రతిసారీ మా ముగ్గురి వైపు చూస్తున్నారు. ఆ చూపు తట్టుకోవడం కష్టం.

14 నంబర్ అమ్మాయి రెండో రోజు వచ్చింది. మొదటి రోజు వాళ్ల స్కూల్లో వాలీబాల్ మ్యాచ్. ఎండాకాలంలోనే టెక్సస్ నుంచి వచ్చారు. పార్కులో ఆ పిల్ల ఆట చూసి పిల్లలందరికీ అభిమానం, మా పాపకైతే మరీను. అంత దూరం నుంచి వేసినా బాల్ నెట్‌లోనే పడుతోంది. కానీ పాస్‌లు! ఎవరూ చూడని చోటికి, ఎవరూ సిద్ధంగా లేనప్పుడు, రివ్వున వెళ్తున్నాయి. ఒకటి 6 నంబర్ పిల్ల అరచేతులకి తగిలి పక్క కోర్టులోకి పోయింది. ఇంకొకటి మరో పిల్ల భుజానికి తగిలింది. ఆటైపోయేసరికి ఆ పిల్ల పేరు కింద ఏడు టర్నోవర్లు (బాల్ పోగొట్టుకున్న సార్లు) గీశాను. గీస్తున్నప్పుడే అనుకున్నాను, ఇందులో తప్పు ఎవరిది? ఇచ్చినవాళ్లదా, పట్టలేనివాళ్లదా?

అక్కడే నాకు క్లార్క్ గుర్తొచ్చింది. ఫీవర్ తరఫున మొదటి మ్యాచ్‌లో ఆమె 20 పాయింట్లు చేసింది, 10 టర్నోవర్లూ చేసింది. జట్టుకి ఆ పాస్‌లు అలవాటు కావడానికి వారాలు పట్టింది. అలవాటయ్యాక జూలైలో ఒకే మ్యాచ్‌లో 19 అసిస్టులు (తోటివాళ్లు బాస్కెట్ వేసేలా ఇచ్చిన పాస్‌లు), సీజన్ మొత్తం మీద 337, రెండూ అప్పటికి లీగ్ రికార్డులే. నేను జూలైలో చూసిన క్లార్క్‌ని పట్టుకుని, జూన్‌లో కూర్చున్న కమిటీని తిట్టాను. ఏప్రిల్‌లో క్లీవ్‌లాండ్‌లో నేషనల్ టీమ్ క్యాంప్ పెట్టినప్పుడు ఆమె అదే ఊళ్లో కాలేజీ ఫైనల్స్ ఆడుతోంది, క్యాంప్‌కి వెళ్లే వీలు లేదు. అందులో ఆమె తప్పు లేదు. కానీ కమిటీ ముందున్న గడి ఖాళీగానే ఉంది. ఆ కాలేజీ ఫైనల్ టీవీలో 1.8 కోట్ల మందికి పైగా చూశారు నిజమే, అయితే చూసినవాళ్ల లెక్క రాయడానికి ఏ షీటులోనూ గడి ఉండదు, ఉండకూడదు కూడా.

ఒలింపిక్ టీమ్‌కి బెంగ లేదని మాత్రం నేను అనను. జూలై 20న లీగ్‌లోని మిగతా స్టార్ల జట్టుతో ఆడిన ఆల్‌స్టార్ మ్యాచ్‌లో అదే టీమ్ 117-109తో ఓడింది. గెలిచిన జట్టులో క్లార్క్ 10 అసిస్టులు ఇచ్చింది. పారిస్ ఫైనల్లో ఫ్రాన్స్ మీద 67-66తో గెలిచింది, చివరి షాట్ వేసిన ఫ్రాన్స్ ప్లేయర్ గాబీ విలియమ్స్ కాలు మూడు పాయింట్ల గీత మీద పడబట్టి మూడు కాక రెండే వచ్చాయి. ఆమె కాస్త వెనక నిలబడి ఉంటే ఎక్స్‌ట్రా టైమ్. ఆగస్టులో ఎంచుకోవాల్సి వస్తే నేను క్లార్క్‌నే ఎంచుకునేదాన్ని. జూన్‌లో అయితే, నా చేతిలో ఆ షీటే ఉంటే, ఎంచుకునేదాన్ని కాదు.

ఆ రాత్రి ముగ్గురం మార్కులు కలిపితే 14 నంబర్ పదకొండో స్థానంలో వచ్చింది. రెండో పేరెంట్ ఆమెను తీసుకుందామన్నారు, పదో స్థానంలో ఉన్న పిల్లకి షాట్ లేదన్నారు. ఆ పిల్ల రెండు రోజులూ వచ్చింది, డిఫెన్స్‌లో ఒక్కసారి కూడా నిలబడిపోలేదు. మనసు 14 వైపే లాగుతున్నా పదో పేరుకే ఓటేశాను. ఒక్కటి మాత్రం పట్టుబట్టాను: ఏడుగురికీ ఫోన్ చేసి కారణం చెప్పాలి, గురువారం ప్రాక్టీస్‌కి 14ని పిలవాలి. కోచ్ ఒప్పుకున్నాడు. 14 నంబర్ వాళ్లింటికి నేనే ఫోన్ చేశాను. వాళ్లమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఫోన్ చేసి చెప్పారు, అది చాలు" అన్నారు.

మా పాప మాత్రం ఊరుకోలేదు. "అమ్మా, క్లార్క్‌కి అన్యాయం జరిగిందని ఏడిచింది నువ్వే కదా?" అని అడిగింది. షీటు తీసి చూపించి ఒక్కో గడీ చెప్పాను. ఏడు గీతల దగ్గర ఆగి, "ఇవి పట్టనివాళ్ల తప్పు కదా" అంది. సగం అవునన్నాను.

ఆ శనివారం పొద్దున ఆ అమ్మాయి బాల్ పట్టుకుని మా ఇంటి బెల్ కొట్టింది. ఇంటి ముందు ఇద్దరూ పాస్‌లు ఆడుకున్నారు. మొదటి నాలుగూ పాప చేతుల్లోంచి జారి రోడ్డు మీదకి దొర్లాయి. ఐదోసారి పాప చేతులు ముందే ఛాతీ దగ్గరికి తెచ్చి, వేళ్లు విప్పి నిలబడింది. బాల్ టప్‌మని చేతుల్లో పడిన చప్పుడు వంటింట్లోకి వినిపించింది.