మిటెన్లు అల్లాను: బొటనవేలి దగ్గర పడ్డ పాట్లు

రెండో మిటెన్ దారం కొస కూడా లోపలికి దూర్చేశాను. మిటెన్లంటే నాలుగు వేళ్లకూ కలిపి ఒకే అర, బొటనవేలికి విడిగా ఇంకో అర ఉండే చేతి తొడుగులు. లావు ఉన్నితో అల్లిన జత ఇప్పుడు నా ముందే ఉంది. సంతోషం ఉంది, అంతకు మించి కోపం ఉంది. ఆ కోపం చల్లారకముందే ఇది రాసేస్తున్నాను. ఈ పనిలో నిజంగా కష్టమైన చోటు ఒక్కటే. దాని గురించే ఎవరూ సరిగ్గా చెప్పరు.

ముందు తేలికైన సంగతులు. లేబుల్ మీద 5 అంకె ఉండి, బల్కీ అనో చంకీ అనో రాసి ఉన్న దారం తీసుకోండి. ఈ రకంతో మామూలుగా 10 సెంటీమీటర్లకు 12 నుంచి 15 కుట్లు పడతాయి. నాకు 6.5 మిల్లీమీటర్ల సూదులతో 13 పడ్డాయి. బొటనవేలు వదిలేసి కొలిస్తే నా అరచేతి చుట్టుకొలత 19 సెంటీమీటర్లు. అందుకని 28 కుట్లు వేసుకున్నాను. అలా వేస్తే రెండు సెంటీమీటర్ల పైన వదులు వస్తుంది. ఆ వదులులో నిలిచే గాలే చేతిని వెచ్చగా ఉంచుతుంది, బిగుతుగా అల్లొద్దు. మణికట్టు పట్టీ 5.5 సూదులతో, రెండు నిట్ (మామూలు కుట్టు), రెండు పర్ల్ (తిరగవేసిన కుట్టు) చొప్పున రిబ్బింగ్, అంటే సాగే గీతల అల్లిక. ఏ ఇబ్బందీ లేదు. శాంపిల్ ముక్క మాత్రం గుండ్రంగానే అల్లి కొలుచుకోండి. అటూ ఇటూ తిప్పుతూ అల్లితే పర్ల్ వరసలు కలుస్తాయి, దాంతో చాలామందికి కొలత మారిపోతుంది.

దారం విషయంలో నాది ఒకటే మాట, అసలు ఉన్నే కొనండి. ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు దాకా తేమ పీల్చుకున్నా చేతికి తడి తెలియదు. ఆక్రిలిక్‌కి ఆ గుణం లేదు.

ఇక అసలు కథ.

గ్లవ్స్‌లో ఏ వేలికి ఆ వేలు విడిగా చలిని తట్టుకోవాలి. మిటెన్‌లో నాలుగు వేళ్లూ ఒకే అరలో ఉండి ఒకదాని వేడి ఇంకొకదానికి అందిస్తాయి. మిటెన్లు ఎక్కువ వెచ్చగా ఉండేది అందుకే. బొటనవేలికి మాత్రం ఆ తోడు లేదు. అలాంటప్పుడు దాని మొదట్లో చిల్లు ఉంటే మిటెన్ అల్లి ఏం లాభం? చల్లగాలి నేరుగా అక్కడికే పోతుంది.

పట్టీ అయ్యాక బొటనవేలి కోసం ఒక కుట్టుకు అటూ ఇటూ, మూడు వరసలకోసారి ఒక్కో కుట్టు పెంచుతూ పోయాను. ఒకటి మూడైంది, మూడు అయిదైంది, అలా తొమ్మిది దాకా. అక్కడ ముక్కోణంలా ఒక కొంగు విచ్చుకుంటుంది. ఆ తొమ్మిదినీ వేరే దారం మీదికి ఎక్కించి పక్కన పెట్టి, ఖాళీ మీదుగా ఒక కొత్త కుట్టు వేసి, మళ్లీ 28తో పైకి అల్లుకుంటూ పోవాలి. ఇదంతా నేను చూసి అల్లిన ప్యాటర్న్ కాగితంలో వివరంగానే ఉంది. పై భాగం పూర్తయ్యాక బొటనవేలికి వచ్చేసరికి మాత్రం ఒకే వాక్యం: "కుట్లు సూదుల మీదికి తీసుకుని, ఖాళీ దగ్గర మూడు ఎత్తుకుని, గుండ్రంగా అల్లండి."

ఎక్కడి నుంచి ఎత్తుకోవాలి? ఏ పోగు పట్టుకోవాలి? ఒక్క ముక్క లేదు. వాళ్లు చెప్పినట్టే అల్లాను. బొటనవేలు మొలిచే చోట రెండు మూలల్లోనూ రెండు చిల్లులు, చిటికెనవేలి కొస దూరేంత. విప్పాను, మళ్లీ అల్లాను, మళ్లీ అవే చిల్లులు. లావు దారం కదా, విప్పిన ప్రతిసారీ నూగు లేచి అట్టగట్టడం మొదలుపెట్టింది. టెన్షన్‌తో సూది బిగించి పట్టుకుని అరచేతులు నొప్పెట్టాయి.

ఏళ్లుగా అల్లుతున్న ఒకావిడకు చూపిస్తే కళ్లజోడు కూడా పెట్టుకోకుండా, "ఉతుకమ్మా, అదే సర్దుకుంటుంది" అన్నారు. ఉతికాను. తడిసి ఆరాక మిగతా అల్లికంతా చక్కగా సర్దుకుంది, చిల్లులు మాత్రం ఇంకాస్త విచ్చుకున్నాయి. ఆవిడే మళ్లీ నలుగురి ముందు, "మొదటిసారి కదా, ఇలాగే ఉంటుందిలే" అన్నారు. ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది. అప్పుడు ఆ కాగితంలో ఉన్న ఫొటోలన్నీ మళ్లీ తీసి చూశాను. ఒక్కదాంట్లోనూ బొటనవేలి మొదలు కనపడదు! అన్నీ చేతి వెనక నుంచి తీసినవే. పని తెలిసినవాళ్లు తేలికైన మెట్టు గురించి పేజీలు రాసి, కష్టమైన మెట్టు దగ్గర నోరు మూసుకోవడం అన్యాయం. నేర్చుకునేవాళ్లు అక్కడే ఆగిపోయి, తమకు చేత కాదనుకుని సూదులు అటకెక్కిస్తారు.

చివరికి దీపం కింద పెట్టి మూలను వేలితో సాగదీసి చూస్తే విషయం అర్థమైంది. అక్కడ చేతి కుట్లు ఒక వైపుకీ, బొటనవేలి కుట్లు ఇంకో వైపుకీ లాగుతుంటాయి. మధ్యలో వాటిని కలిపి పట్టుకునేది ఒక్క అడ్డదారం. సన్నదారంలో ఆ సందు కనపడదు. ఇందులో ఒక్కో కుట్టు వెడల్పే ముప్పావు సెంటీమీటరు, సందు దాక్కోలేదు. ఎత్తుకోమన్నారు కదా అని ఆ వదులు అడ్డదారాన్నే ఎత్తుకుంటే అది ఇంకా సాగి కిటికీ అవుతుంది.

కాబట్టి మూలలో ఆ అడ్డదారాన్ని ముట్టుకోవద్దు. దాని పక్కనున్న చేతి కుట్టుకు ఒక వరస కిందకి దిగి, ఆ బిగుతైన కుట్టు కాలు (V ఆకారంలో కనపడే కుట్టులో ఒక పక్క దారం) పట్టుకుని ఎత్తండి. రెండు మూలల్లో ఒక్కోటి, మధ్యలో ఇందాక కొత్తగా వేసిన కుట్టు అడుగు నుంచి ఒకటి. తొమ్మిదీ మూడూ పన్నెండు. మూలల్లో ఎత్తిన రెండింటినీ వెనక నుంచి సూది దూర్చి మెలిపెట్టి అల్లండి, మెలికతో మూల బిగుసుకుంటుంది. తర్వాతి వరసలో ఆ రెండింటినీ వాటి పక్కన బొటనవేలి వైపున్న కుట్లతో కలిపి అల్లేయండి. పది మిగులుతాయి, బొటనవేలికి సరిగ్గా సరిపోతాయి. ఇంకా ఎక్కడైనా సందు అనుమానంగా ఉంటే, లోపలివైపు బొటనవేలికి కొత్తగా కలిపిన దారం తోకతో ఆ సందు చుట్టూ ఉన్న కాళ్లన్నీ ఎక్కించి మెల్లగా లాగి ముడేయండి.

పది కుట్ల కోసం పొట్టి సూదులు నాలుగైదు వాడమంటారు. లావు సూదులు అంత చిన్న చుట్టులో ఒకదాన్నొకటి పొడుచుకుని జారిపోతాయి. నేను రెండు మొనల మధ్య 80 సెంటీమీటర్ల మెత్తటి తీగ ఉన్న సూది తీసుకుని, తీగను మధ్యలో బయటకు లాగుతూ అల్లాను. హాయిగా ఉంది.

మిటెన్ కొసను కిచెనర్ కుట్టుతో, అంటే అతుకు తెలియకుండా రెండు అంచులనూ కలిపే కుట్టుతో మూయమని కొందరు పట్టుబడతారు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ యుద్ధ మంత్రిగా ఉన్నాయన పేరు అది. మేజోడులో బూటు ఒరుసుకోకుండా ఆ సాఫీ మూత కావాలి. మిటెన్‌కి ఆ అవసరం లేదు. కుట్లు తగ్గించుకుంటూ వచ్చి, మిగిలిన ఎనిమిదిలోంచి దారం లాగి బిగిస్తే చాలు.

కుడి ఎడమల కోసం విడివిడిగా లెక్కలు రాసిన కాగితాలనూ నమ్మొద్దు. బొటనవేలు పక్కనుంచి వచ్చే ఈ పద్ధతిలో రెండూ ఒకటే. టేపుతో కొలవకుండా వరసలు లెక్కపెట్టుకుంటే జత సమానంగా వస్తుంది.

రెండో మిటెన్ బొటనవేలు ఒక్కసారి కూడా విప్పకుండా అయిపోయింది. లోపల సెల్‌ఫోన్ లైటు పెట్టి చూశాను. మూలల్లో మిగతా చోట్ల కంటే ఎక్కువ వెలుతురేమీ రాలేదు. ఆవిడకు కూడా అలాగే లైటు వేసి చూపించాను. ఈసారి కళ్లజోడు పెట్టుకుని చూశారు, ఎలా చేశానో అడిగారు. చెప్పాను.

మీరు అల్లేటప్పుడు బొటనవేలి దగ్గర కొత్త దారం కలిపే చోట 20 సెంటీమీటర్ల తోక వదలండి. ఉన్ని చాలదనిపిస్తే మణికట్టు పట్టీ రెండు వరసలు తగ్గించుకోండి గానీ, ఆ తోకను మాత్రం పొట్టిగా కత్తిరించొద్దు.