విలువల క్లాసు ఎలా నడపాలి?

గుంటూరు ఏసీ (ఆంధ్ర క్రిస్టియన్) కాలేజీ 1885 నాటిది, లూథరన్ అనే ప్రొటెస్టంట్ శాఖ వాళ్ళది. విజయవాడ లయోలా 1953లో జెస్యూట్లు అనే క్యాథలిక్ గురువుల సంఘం పెట్టింది. డిగ్రీతో పాటు నడవడికా నేర్పాలన్నది ఇలాంటి క్రైస్తవ కాలేజీల పాత పట్టింపు. చిక్కల్లా టైంటేబుల్ దగ్గరే. విలువల క్లాసుని శనివారం ఆఖరి పీరియడ్‌కి తోస్తే పిల్లల ధ్యాసంతా బస్సు మీదే.

రెండో పీరియడ్ వేయండి. 60 మందిని ఐదుగురేసి 12 గుంపులు చేయండి, బీకాం, బీఎస్సీ కలిపి. ఉపన్యాసం 10 నిమిషాలు చాలు. తర్వాత ఒకటే ప్రశ్న: "రూమ్మేట్ రాలేదు. వాడి బదులు 'ప్రెజెంట్ సార్' అంటావా?" 20 నిమిషాలు మాట్లాడుకున్నాక తలా అరపేజీ రాయాలి. మార్కులుంటే అందరూ "అబద్ధం తప్పు" అనే రాస్తారు. మార్కులు, పేర్లు రెండూ తీసేయండి. అప్పుడొస్తుంది అసలు సంగతి: "అననంటే హాస్టల్లో నాతో ఎవరూ మాట్లాడరు సార్." చర్చ అక్కణ్ణుంచి నడపాలి.

లూకా సువార్త 10వ అధ్యాయంలోని మంచి సమరయుడి కథ (దారిలో దెబ్బలు తిని పడున్నవాణ్ణి ఆదుకున్న పరాయివాడిది) చెబితే, మతం క్లాసేమోనని కొందరు ముడుచుకుంటారు (తప్పు వాళ్ళది కాదు). దాని బదులు, విజయవాడ బెంజ్ సర్కిల్లో బైకు పడితే జనం ఎందుకు ఆగరో అడగండి. పోలీసు కేసు భయం అంటారు. మోటారు వాహనాల చట్టానికి 2019 సవరణలో చేర్చిన 134ఎ సెక్షన్ సాయం చేసినవాళ్ళకి రక్షణ ఇస్తుంది. దాన్ని అక్కడికక్కడే వాళ్ళచేతే చదివించండి.